జిగురు నీది, మచ్చ నాది

ఆమెను అందరూ ఉప్పుకాగితం అంటారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి వెనకాల అంటారు. ఆమెకు తెలుసు. చెక్కను రుద్దే గరుకు కాగితం పేరు తనకు పెట్టినందుకు ఆమెకు కోపమేమీ లేదు. ఆ కాగితమే లేకపోతే మీ ఇళ్ళలో ఒక్క బీరువా తలుపైనా చేతికి పేడు గుచ్చుకోకుండా ఉంటుందా అని అడుగుతుంది, అంతే. కోపం తెప్పించే సంగతులు వేరే ఉన్నాయి. బోలెడన్ని ఉన్నాయి.

ఆమె పని పాలిష్. అసలు చెక్కతో చేసిన అరలకు, అలమారలకు చేత్తో రంగు పట్టించి, లక్క పూత వేసి మెరిపించడం. పైన షీటు అంటించిన అలమారలంటే ఆమెకు లెక్కలేదు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే వాటి పని అయిపోతుంది. అసలు చెక్క దగ్గరే తల ప్రాణం తోకకు వస్తుంది. ఒకే మానులోంచి కోసిన రెండు పలకలు ఒకే రంగును రెండు రకాలుగా తాగుతాయి. చేవ ఉన్నచోట రంగు పైపైన నిలబడుతుంది. తెల్లచెక్క ఉన్నచోట గటగటా లోపలికి పోతుంది. పలక చివర్లయితే ఎంత పెట్టినా తాగేసి నల్లగా మాడిన మొహం పెడతాయి. ముసురు రోజు పూత వేస్తే తెల్లటి పొగలాంటిది కమ్ముతుంది. ఎండ రోజు వేస్తే చేతిలోని గుడ్డ ఉండ పలక ఆ చివరికి వెళ్ళి వచ్చేలోపే ఈ చివర ఆరిపోయి చారలు పడతాయి. చెక్కలోని నార వరసకు, అదే పోగుకు, అడ్డంగా ఎవడైనా ఒక్కసారి రుద్దాడా, ఆ గీత పచ్చి చెక్క మీద కనబడదు. రంగు పడ్డాక కనబడుతుంది.

అసలు గొడవంతా అక్కడే ఉంది. చెక్క మీద ఎవరు ఏ తప్పు చేసినా అది రంగు పడేదాకా కిక్కురుమనకుండా దాక్కుంటుంది. రంగు పడగానే బయటికి వస్తుంది. ఆ సమయానికి కోసినవాడు, చిత్రిక పట్టినవాడు, జిగురు పెట్టినవాడు అందరూ చేతులు దులుపుకుని వీధి చివర టీ తాగుతుంటారు. గుడ్డ పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నది పాలిష్ మనిషి ఒక్కతే. ఇంటివాళ్ళు వచ్చి ఆమె మొహమే చూస్తారు. పని బాగా కుదిరితే "ఏం చేశాడండీ మేస్త్రి!" అంటారు. కుదరకపోతే "ఏం పాలిష్ అండీ ఇది?" అంటారు. ఇన్నేళ్ళలో ఈ వరస ఒక్కసారి కూడా తిరగబడలేదు.

ఆ మేస్త్రి ఆమె సొంత అన్నయ్యే. వాళ్ళ నాన్న కూడా వడ్రంగే. చిన్నప్పుడు కొడుకు చేతికి ఉలి ఇచ్చాడు. నాకూ కావాలని ఈమె పేచీ పెడితే, ఆడపిల్లకు ఉలి ఎందుకమ్మా అని ఒక ఉప్పుకాగితం ముక్క చింపి ఇచ్చి మూల కూర్చోబెట్టాడు. అప్పుడు మొదలైన రుద్దుడు ఇవాళ్టికీ ఆగలేదు. భర్త పోయాక ఆమె అన్నయ్య షెడ్డు వెనక రెండు గదుల్లో ఉంటోంది. అన్నయ్య చేస్తాడు, ఆమె మెరిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇద్దరిదీ ఒకే పని.

అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా తలూపుతాడు. అందుకని ఊరంతా ఆయన్ని దేవుడంటుంది. ఈమె అలా కాదు. ఒంటికాలి మీద లేస్తుంది. ఒకసారి ఆరని పూత మీద టీగ్లాసు పెట్టిన ఇంటాయన చేతికి గుడ్డ ఇచ్చి, ఆ గుండ్రటి మచ్చ పోయేదాకా ఆయన చేతే రుద్దించింది. ఆయన భార్య వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అలాంటి కథలు ఆమె గురించి చాలా చెప్పుకుంటారు. అవి చెప్పుకున్నంత హుషారుగా ఆమె పనితనం గురించి ఎవరూ చెప్పుకోరు.

ఇప్పుడు జిగురు సంగతి. పలకలు అతికేటప్పుడు బిగిస్తే అతుకులోంచి జిగురు కొంచెం బయటికి ఉబికి వస్తుంది. తడిగా ఉన్నప్పుడే శుభ్రంగా తుడిచెయ్యాలి. తుడవకపోయినా, తుడిచిన చేత్తోనే పక్కన ముట్టుకున్నా, అది చెక్కలోకి ఇంకి పొరలా కూర్చుంటుంది. ఆ పొర మీద ఇక రంగు పట్టదు. అది పాలిపోయిన మచ్చగా మిగిలిపోతుంది. పచ్చి చెక్క మీద దాన్ని పట్టుకోవడానికి ఒక్కటే దారి. రంగు పెట్టేముందు పలకంతా తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఏటవాలుగా చూడాలి. జిగురు ఉన్నచోటు తడి పట్టక వెలవెలబోతుంది. అప్పుడు గీకేసుకోవచ్చు. ఈ నీళ్ళ తుడుపు ఎప్పుడూ ఆమే చేసుకునేది.

ఆమెకు మణికట్ల నొప్పులు మొదలయ్యాక అన్నయ్య ఒకరోజు అన్నాడు.

"నీళ్ళ తుడుపు ఇక నేను చూసుకుంటాలేవే. నువ్వు నేరుగా రంగు పెట్టుకో."

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య తన పని ఒకటి తగ్గిస్తానని అనడం అదే మొదటిసారి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలో, అన్నయ్య తుడిచాడంటే మళ్ళీ తుడిచి చూడటం ఆయన్ని అనుమానించినట్టే అనుకుంది. ముప్ఫై ఏళ్ళ పనిలో ఆమె చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

ఆ తర్వాత మచ్చలు మొదలయ్యాయి. ముందు టైలరమ్మ ఇంట్లో బట్టల అలమార. తర్వాత బ్యాంకు క్యాషియర్ ఇంట్లో అరలు. ఆ తర్వాత ట్యూషన్ మాస్టారి పుస్తకాల బీరువా. రంగు పెట్టగానే అతుకుల పక్కన బొల్లి వచ్చినట్టు మచ్చలు. చూడగానే ఆమెకు తెలుసు, జిగురే. అన్నయ్యను అడిగింది.

"జిగురు తుడవలేదా అన్నయ్యా?"

"తుడిచానే. నీ రంగు సరిగ్గా కలవలేదేమో చూసుకో."

ఆమె చూసుకుంది. కొట్టు మార్చి రంగు తెచ్చింది. మిగిలిన చెక్కముక్కల మీద పూసి చూసింది. వాటి మీద రంగు బంగారంలా కూర్చుంది. మళ్ళీ అలమార మీద మచ్చలే. ఆ అనుమానం ఎలాంటిదంటే, చివరికి ఆమె తన చేతులనే అనుమానించడం మొదలుపెట్టింది. ఇళ్ళవాళ్ళు వదల్లేదు. టైలరమ్మ అయితే ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది. "వయసైపోయింది, చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా, నా అలమార ఎందుకు పాడుచేశావ్?" అంది. అన్నయ్య అక్కడే ఉన్నాడు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఈమె మొత్తం గీకి మళ్ళీ మొదటినుంచి వేసింది. మూడిళ్ళలోనూ అంతే. ఊళ్ళో మిగతా వడ్రంగులు ఆమెను పిలవడం మానేశారు. ఉప్పుకాగితం చెయ్యి పోయిందట అనే మాట ఆమె చెవిదాకా వచ్చింది. ఇక అన్నయ్య పని ఒక్కటే మిగిలింది.

ఆ పని పళ్ళ డాక్టరు ఇంట్లో. ముందుగది గోడ పొడుగునా పైన పుస్తకాల అరలు, కింద తలుపుల అలమారలు, అన్నీ టేకు. డాక్టరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. కానీ రోజూ సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, చిన్న టార్చి పట్టుకుని, పుచ్చు పన్ను వెతికినట్టు ఒక్కో అరలోకీ వంగి చూస్తాడు. ఆయన బాగుందంటే ఊరంతా బాగుందంటుంది. బాగాలేదంటే ఇక చెప్పేదేముంది? ఈ గోడ తేడా వస్తే తన పని ముగిసినట్టేనని ఆమెకు తెలుసు.

"నీళ్ళ తుడుపు అయిందా?" అని రెండుసార్లు అడిగింది.

"అయిందే బాబూ. ఎక్కడా ఏమీ లేదు," అన్నాడు అన్నయ్య.

రంగు కలిపింది. పై అరలకు మొదటి పూత పెట్టింది. పోగు వెంట, ఆగకుండా, ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా. తర్వాత కిటికీ తలుపులు బార్లా తెరిచింది. వెలుగు అరల మీద అడ్డంగా పడింది.

మచ్చలు కావవి. వేళ్ళు. మధ్య అర మీద కుడిచేతి ఐదు వేళ్ళు, జిగురు చెయ్యి ఆనించినట్టు, పాలిపోయి, స్పష్టంగా ఉన్నాయి. బొటనవేలి కొస కొంచెం తెగినట్టు పొట్టిగా ఉంది. ఆ బొటనవేలు ఎవరిదో ఆమెకు తెలుసు. ఉలి జారి ఆ కొస తెగినప్పుడు రక్తం ఆగేదాకా గుడ్డ అదిమిపెట్టింది ఆమే.

పెరట్లో తలుపులకు బందులు బిగిస్తున్న అన్నయ్యను కేకేసింది. ఆయన వచ్చి అరల ముందు నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"రంగు సరిగ్గా కలవలేదేమోనే," అన్నాడు.

"ఇంకొక్కసారి ఆ మాట అంటే ఈ రంగు డబ్బా నీ నెత్తిన బోర్లిస్తాను!" అంది. గది దద్దరిల్లింది.

అప్పుడే క్లినిక్ నుంచి వచ్చిన డాక్టరు ఆ అరుపు విని గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు విడిచి, టార్చి వెలిగించి, మధ్య అరలోకి వంగాడు. చాలాసేపు చూసి నిట్టూర్చాడు. మాట్లాడింది మాత్రం అన్నయ్యతోనే.

"మేస్త్రిగారూ, మీ చెక్కపనికి వంక పెట్టేదే లేదు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంత పనీ చేశాక పాలిష్ దగ్గర ఇలా అయితే ఎలా? మా పక్కింట్లో మెషీన్‌తో స్ప్రే కొట్టేవాళ్ళు చేశారు. వాళ్ళని పిలిపించమంటారా?"

ఆమె అన్నయ్య వైపు చూసింది. ఒక్క మాట చాలు. జిగురు నాది అంటే చాలు.

"చూద్దామండి," అన్నాడు అన్నయ్య.

తోడబుట్టినదాని ముప్ఫై ఏళ్ళ పనికి ఆయన కట్టిన విలువ ఆ 'చూద్దాం' ఒక్కటే. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చూస్తావ్? ఆ మచ్చలు ఎవరివో చెప్పు. డాక్టరు గారి ముందే చెప్పు. చెప్పేదాకా నేను ఈ గది కదలను."

అన్నయ్య నీళ్ళు నమిలాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"తప్పు నాదేలెండి డాక్టరు గారూ. ఆమెనేం అనకండి."

డాక్టరు మొహం విప్పారింది. "చూశారా, పెద్దరికమంటే ఇదీ! చెల్లెల్ని ఒక్క మాట పడనివ్వరు కదా. మీలాంటి అన్న దొరకాలంటే అదృష్టం ఉండాలండీ," అని ఆమె వైపు తిరిగి, కొంచెం సిగ్గుపడమన్నట్టు చూశాడు.

ఇప్పుడైనా అన్నయ్య కాదనాలి కదా. అనలేదు. తల దించుకుని ఆ పొగడ్తను భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పి కూడా నిందను ఆమె మీదే ఉంచగలిగిన మనిషిని ఏమనాలి? ఆమె వెళ్ళి ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. అర దగ్గరికి లాక్కొచ్చింది. ఆ ఐదు వేళ్ళ గుర్తు మీద ఆయన ఐదు వేళ్ళూ పరిచి అదిమింది. ఒక్కొక్క వేలూ సరిగ్గా పట్టింది. తెగిన బొటనవేలితో సహా.

"ఇప్పుడు వెయ్యండి మీ టార్చి," అంది డాక్టరుతో.

ఆయన వేశాడు. వేసి, ఒక్కో వేలి మీదా ఆపి చూశాడు.

"చూశావా అన్నయ్యా? ఇవి ఎవరి వేళ్ళు? నా రంగువా?"

అన్నయ్య వంగాడు. మొహం పలకకు ఆనేంత దగ్గరికి తెచ్చాడు. ఆమె ఆయన చెయ్యి తీసేసినా, టార్చి వెలుగు ఆ వేళ్ళ గుర్తు మీదే పడుతున్నా, ఆయన దానికి జానెడు పక్కన వెతుకుతున్నాడు.

"ఏవే?" అన్నాడు. "ఎక్కడ?"

మొదట నటిస్తున్నాడనుకుంది. తర్వాత ఆయన కళ్ళు చూసింది. అవి నిజంగానే వెతుకుతున్నాయి. డాక్టరుకు కూడా అర్థమైంది. టార్చి ఆర్పేసి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఎప్పటినుంచి?" అంది.

అన్నయ్య గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆమెకు మణికట్ల నొప్పులు మొదలైనప్పుడే కంటి డాక్టరు ఆయనకు కంటి నరం దెబ్బతిందన్నాడట. ఆపరేషన్‌తో వచ్చేది కాదు, ఉన్న చూపు కాపాడుకోవడమేనన్నాడట. గీతలు, అంచులు, అతుకులు చేత్తో తడిమితే తెలిసిపోతాయి. మనుషులు తెలుస్తారు. పాలిపోయినది ఏదీ కంటికి తేలదు. జిగురు అసలు తేలదు. నీళ్ళ తుడుపు తను చేస్తాననడం కూడా అందుకే. ఆమె చేస్తే మచ్చలు ముందే దొరుకుతాయి, దొరికితే ఎందుకు తుడవలేదని నిలదీస్తుంది. తనే ఇంకో రెండుసార్లు ఎక్కువ తుడిస్తే పోతుందనుకున్నాడు.

ఇక్కడ ఆమె కరిగిపోయి అన్నయ్యను పట్టుకుని ఏడ్చిందనుకుంటే, మీకు ఉప్పుకాగితం ఇంకా తెలియలేదన్నమాట. జాలి వచ్చింది, రాలేదనను. కోపం దానికంటే ముందొచ్చి పీట వేసుకుని కూర్చుంది.

"ఇంకెవరికి తెలుసు?"

"మీ వదినకు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అరుస్తావు, వీధి వీధంతా వింటుంది అంది మీ వదిన. చూపులేని వడ్రంగిని ఎవరు పిలుస్తారే?"

"మరి ఇంటింటా నన్ను కడిగేస్తుంటే?"

అన్నయ్య వేళ్ళకు అంటిన రంగును గోరుతో గీక్కున్నాడు. తర్వాత, ఆయన అలవాటు ప్రకారం మెల్లగా, ఏమీ కానట్టు అన్నాడు.

"నీకు మాట పడటం అలవాటే కదా అనుకున్నాం. నువ్వు గట్టిదానివి. ఎవరేమన్నా రెండు తిట్టి దులిపేసుకుంటావు. నువ్వయితే తట్టుకుంటావు కదా అని..."

కాబట్టి సంగతి ఇదన్నమాట. అరిచే మనిషికి నొప్పి ఉండదని ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. ఆయన మెత్తనివాడు కాబట్టి ఆయన్ని దాచాలి. ఈమె గరుకుది కాబట్టి ఈమె మీద ఎంతైనా రుద్దవచ్చు.

"తట్టుకున్నాను," అంది. గొంతు వణికింది. వణికినందుకు ఇంకా మండింది. "తట్టుకుంటే తగల్లేదనుకున్నావా? నా చేతులు నావి కావేమో అనుకునేదాకా తీసుకొచ్చావు నువ్వు. జిగురు తడిగా ఉన్నప్పుడు ఒక్క గుడ్డ తుడుపు చాలు కదా అన్నయ్యా. నాతో ఒక్క మాట చెప్పుంటే నీ పక్కన నిలబడి తుడిచేదాన్ని. ఈ భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు. నీ పనీ ఉండేది, నా పేరూ ఉండేది. రెండూ తగలబెట్టావు."

"తప్పయిపోయిందే."

"నాతో కాదు. ఆ మూడిళ్ళకీ వెళ్ళి చెప్పు."

ఆయన తలెత్తాడు. "చెబితే నాకు పని పోతుందే."

"నాది పోతుంటే చూద్దామన్నావుగా. నీది కూడా చూద్దాం."

అన్నయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పెరట్లో సగం బిగించిన తలుపు గాలికి కొట్టుకుంటోంది. చివరికి గోడ పట్టుకుని లేచాడు.

"ముందు ఎవరింటికి?"

"టైలరమ్మ ఇంటికి."

"నువ్వు రావద్దులే. నేను చెప్పేసి వస్తా."

"వస్తాను. నువ్వు మళ్ళీ 'తప్పు నాదేలెండి' అని పెద్దమనిషిలా దండ వేయించుకోకుండా చూడ్డానికి వస్తాను."

టైలరమ్మ మిషను ముందే ఉంది. ఇద్దర్నీ చూసి, పాత గొడవ మళ్ళీ తెచ్చారేమోనని మొహం చిట్లించింది. అన్నయ్య గుమ్మం దాటలేదు. ఈసారి నేల చూపులు చూడలేదు.

"అమ్మా, నాకు చూపు దెబ్బతింది. మీ అలమార మీద వచ్చిన మచ్చలు నేను తుడవని జిగురువి. అప్పుడే తెలుసు నాకు. మా చెల్లెలి పాలిష్‌లో ఏ లోపమూ లేదు," అన్నాడు.

మిషను ఆగింది. టైలరమ్మ ఆయన్ని, ఈమెను, మళ్ళీ ఆయన్ని చూసింది.

"మరి ఆ రోజు నువ్విక్కడే ఉన్నావుగా మేస్త్రీ? ఈమెను నేను నోటికొచ్చినట్టు అంటుంటే ఇదే గుమ్మంలో నిలబడి ఉన్నావుగా?"

"ఉన్నానమ్మా," అన్నాడు అన్నయ్య. "అన్నీ విన్నాను."

టైలరమ్మ చేతిలోని బట్ట ఒళ్ళో పడింది. ఈమె వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆ మాట వినడానికి ఈమె ఆగలేదు. అప్పటికే మెట్లు దిగి వీధిలో నిలబడింది.

"రా," అంది కోపంగానే. "ఇంకా రెండిళ్ళున్నాయి."